“సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చింది”: ఒక్క కబురు వెనుక 36 ఏళ్ల కథ

వీడియో చూసేవాళ్లు ఫోన్‌లోనే చూస్తుంటారు కాబట్టి ఒక చిన్న పని చేద్దాం. సెట్టింగ్స్‌లోకి వెళ్లండి, అబౌట్ ఫోన్, అందులో ఆండ్రాయిడ్ వెర్షన్ నొక్కండి. అక్కడ “ఆండ్రాయిడ్ సెక్యూరిటీ అప్‌డేట్” అని ఒక తేదీ కనిపిస్తుంది. కొన్ని ఫోన్లలో సెక్యూరిటీ ప్యాచ్ లెవల్ అని ఉంటుంది. దాని కిందే ఎక్కడో “కెర్నల్ వెర్షన్” అని ఒక పొడుగాటి నంబర్ కూడా ఉంటుంది. ఆ తేదీ చివర 1 ఉందా, 5 ఉందా చూడండి. 1 ఉంటే ఒక అర్థం, 5 ఉంటే ఇంకో అర్థం. ఆ తేడా ఏంటో తెలియాలంటే మనం 1988 నుంచి రావాలి.

ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పబోయేది వైరస్‌ల కథ కాదు, హ్యాకర్ల కథ కూడా కాదు. “ఇక్కడ ఒక లోపం ఉంది, సరిచేశాం, వేసుకోండి” అనే కబురు కథ. ఆ కబురు ఎవరు పంపాలి, ఎవరికి ముందు చెప్పాలి, ఎవరికి చివర్లో చేరుతుంది, ఎవరికి అసలు చేరదు. చూడ్డానికి ఇది పోస్ట్‌మన్ పని లాంటిదే. కానీ కంప్యూటర్ల చరిత్రలో పెద్ద పెద్ద నష్టాలు చాలావరకు మందు లేక రాలేదు ఫ్రెండ్స్. మందు ఉంది అన్న కబురు చేరక వచ్చాయి, చేరినా వేసుకోక వచ్చాయి.

ముందు కెర్నల్ అంటే ఏంటి

మన పెళ్లిళ్లలో స్టోర్ రూమ్ తాళం నడుముకి కట్టుకుని తిరిగే బాబాయ్ ఒకరు ఉంటారు కదా. వంటవాళ్లకి నెయ్యి కావాలన్నా, పంతులుగారికి కొబ్బరికాయలు కావాలన్నా, విడిదింటికి దుప్పట్లు కావాలన్నా ఆయన్నే అడగాలి. ఎవరూ నేరుగా స్టోర్‌లోకి వెళ్లకూడదు. ఫోన్‌లో కెర్నల్ అంటే ఆ బాబాయ్. కెమెరా, మెమరీ, నెట్‌వర్క్, ఫైళ్లు అన్నీ ఆయన తాళం కిందే. వాట్సాప్ అయినా, గేమ్ అయినా, మీ బ్యాంక్ యాప్ అయినా ఏది కావాలన్నా కెర్నల్‌ని అడిగి తీసుకోవాల్సిందే.

అందుకే ఒక యాప్‌లో లోపం ఉంటే చాలాసార్లు నష్టం ఆ యాప్ దగ్గరే ఆగుతుంది. కెర్నల్‌లో లోపం ఉంటే మాత్రం తాళాల గుత్తే వేరేవాళ్ల చేతికి వెళ్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లన్నింటిలో ఉండే కెర్నల్ పేరు లినక్స్. ఇంటర్నెట్ సర్వర్లలో అత్యధిక భాగం నడిచేది కూడా దానిమీదే. అంటే లినక్స్ కెర్నల్‌లో ఒక లోపం బయటపడితే ఆ కబురు డేటా సెంటర్‌లో ఇంజినీర్‌కీ చేరాలి, ఊళ్లో కిరాణా కొట్టు నడిపే అక్క ఫోన్‌కీ చేరాలి. ఇద్దరికీ ఒకేలా చేరుతుందా? అదే అసలు ప్రశ్న.

1988: హెచ్చరిక కంటే పురుగే ముందు చేరింది

1988 నవంబర్ 2 రాత్రి. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీలో చదువుకునే రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి రాసిన ఒక ప్రోగ్రామ్ ఇంటర్నెట్‌లోకి వెళ్లింది. అప్పటి ఇంటర్నెట్ అంటే సుమారు 60,000 కంప్యూటర్లు. అందులో దాదాపు 6,000 కంప్యూటర్లు దానివల్ల మూలపడ్డాయని అప్పట్లో అంచనా వేశారు. అది దూరింది కెర్నల్‌లోంచి కాదు, యూనిక్స్ మెషీన్లలో ఉండే మెయిల్ ప్రోగ్రామ్, ఫింగర్ అనే ఇంకో చిన్న సర్వీసు, బలహీనమైన పాస్‌వర్డ్‌లు, ఇలాంటి దారుల్లోంచి.

మన కథకి ముఖ్యమైన ముక్క ఇది. ఆ రాత్రి మోరిస్ స్నేహితుడు ఆండీ సడత్, హార్వర్డ్ నుంచి పేరు చెప్పకుండా ఒక మెసేజ్ పెట్టాడు. ఏదో తిరుగుతోంది, దీన్ని ఆపాలంటే ఇలా చేయండి అని. అంటే మనం ఇవాళ సెక్యూరిటీ నోటిఫికేషన్ అని పిలిచేదే అది. కానీ ఆ మెసేజ్ వెళ్లాల్సిన నెట్‌వర్క్ అప్పటికే ఆ పురుగు దెబ్బకి కుంటుతోంది. చేరాల్సినవాళ్లకి అది చేరేసరికి బాగా ఆలస్యం అయిపోయింది, దాని ఉపయోగం తీరిపోయింది. మరోపక్క బర్క్‌లీలో ఉన్నవాళ్లు కూర్చుని ప్యాచ్ తయారుచేశారు, మెయిల్‌లో పంపారు. కానీ చాలా చోట్ల భయపడి అప్పటికే కేబుల్ పీకేశారు. నెట్ లేనివాళ్లకి నెట్‌లో పంపిన మందు ఎలా చేరుతుంది?

ఈ అనుభవం తర్వాత అదే నెలలో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో సీఈఆర్‌టీ, అంటే సర్ట్ అనే కేంద్రం పెట్టారు. ఎవరికి లోపం కనపడినా అక్కడ చెప్పాలి, వాళ్లు అందరికీ కబురు పంపాలి. మన దేశంలో ఇదే పని చేసే సర్ట్-ఇన్ 2004 జనవరిలో మొదలైంది. అప్పుడప్పుడు పేపర్లో “ఆండ్రాయిడ్ ఫోన్లు వాడేవారికి కేంద్రం హెచ్చరిక” అని చిన్న వార్త చూస్తుంటారు కదా, దాని వెనుక ఉండేది చాలాసార్లు వాళ్లే.

కబురు ఎవరికి ముందు చెప్పాలి?

సర్ట్ వచ్చాక ఒక కొత్త గొడవ మొదలైంది. లోపం దొరికితే కంపెనీకి రహస్యంగా చెప్తారు. కంపెనీ నెలలు గడిచినా పట్టించుకోదు. ఈలోపు లోపం తెలిసిన దొంగలు వాడుకుంటూనే ఉంటారు. వాడేవాళ్లకి మాత్రం ఏమీ తెలీదు. దీనికి విసిగిపోయిన జనం 1993లో బగ్‌ట్రాక్ అని ఒక మెయిల్ గుంపు మొదలుపెట్టారు. లోపం దొరికిందా, వివరాలతో సహా అందరి ముందూ పెట్టేయడమే. కంపెనీకి సిగ్గు వస్తే సరిచేస్తుంది అని వాళ్ల లెక్క.

రెండు పక్షాల్లోనూ న్యాయం ఉంది. ఊళ్లో ఒకరి ఇంటి వెనుక తలుపు గడియ పాడైందని మీకు తెలిసింది అనుకోండి. మైకులో చెప్తే ఇంటివాళ్లతో పాటు దొంగ కూడా వింటాడు. చెవిలో చెప్తే ఇంటాయన “చూద్దాంలే” అని ఊరుకుంటాడు. ఈ రెండింటి మధ్య దారి వెతకడమే ఆ తర్వాత ముప్పై ఏళ్ల చరిత్ర.

ఇంకో సమస్య, పేర్లు. ఒకే లోపాన్ని ఒక్కో కంపెనీ ఒక్కో పేరుతో పిలిచేది. మన జ్వరాన్ని ఒక డాక్టర్ ఒక పేరుతో, ఇంకో డాక్టర్ ఇంకో పేరుతో రాస్తే మెడికల్ షాపువాడు ఏం ఇవ్వాలి? అందుకే 1999లో సీవీఈ అనే పట్టిక వచ్చింది. ప్రతి లోపానికీ ఒక నంబర్. మొదలైనప్పుడు అందులో 321 లోపాలున్నాయి. ఇవాళ లక్షల్లో ఉన్నాయి.

2003: కబురుకి ఒక వారం, ఒక టైమ్

2003 జనవరి 25న స్లామర్ అనే పురుగు మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సర్వర్లని పట్టుకుంది. తనకి దొరికే మెషీన్లలో చాలావాటిని పది నిమిషాల్లో చుట్టేసింది. దానికి మందు ఎప్పుడు వచ్చిందో తెలుసా? 2002 జులైలో. ఆరు నెలల ముందు! అదే సంవత్సరం ఆగస్టులో బ్లాస్టర్ వచ్చింది, ఇంట్లో విండోస్ కంప్యూటర్లు ఉన్నట్టుండి రీస్టార్ట్ అయిపోయేవి. దానికి మందు ఒక నెల ముందే, జులైలో, విడుదలైంది.

అంటే ప్యాచ్ రాయడం ఒక్కటే సరిపోదు, అది ఎప్పుడు వస్తుందో జనానికి ముందే తెలియాలి అని అర్థమైంది. 2003 అక్టోబర్ నుంచి మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం అప్‌డేట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. దాన్నే ప్యాచ్ ట్యూజ్‌డే అంటారు. అమెరికాలో అది పొద్దున, మనకి మంగళవారం రాత్రి పదిన్నర, పదకొండున్నర. ఇలా తేదీ తెలిస్తే ఆఫీసుల్లో మనుషుల్ని పెట్టుకోవచ్చు, ముందు టెస్ట్ చేసుకోవచ్చు.

దీనికీ ఒక రెండో ముఖం ఉంది. ప్యాచ్ విడుదలైన క్షణం నుంచి దొంగ కూడా దాన్ని చదువుతాడు. పాతదానికీ కొత్తదానికీ తేడా చూస్తే లోపం ఎక్కడుందో తెలిసిపోతుంది. అంటే మంగళవారం కబురు వస్తే బుధవారం నుంచి పరుగు పందెం. వేసుకున్నవాడు గెలుస్తాడు. వాయిదా వేసినవాడు మునుపటి కంటే ఎక్కువ ప్రమాదంలో ఉంటాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మన ఫోన్ల దగ్గరికి వచ్చేసరికి పనికొస్తుంది.

2017 మేలో వచ్చిన వానాక్రై దీనికి పెద్ద ఉదాహరణ. మందు మార్చి 14న వచ్చింది, దాడి మే 12న. మధ్యలో దాదాపు రెండు నెలల టైమ్ ఉంది. అయినా ఇంగ్లండ్‌లో ఆసుపత్రులు ఆగిపోయాయి, మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల్లో పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి.

లినక్స్ వాళ్ల దారి వేరు

ఇప్పుడు లినక్స్‌కి వద్దాం. మైక్రోసాఫ్ట్ అంటే ఒక కంపెనీ, ఒక తలుపు. లినక్స్ కెర్నల్‌ని ప్రపంచంలో వేలమంది రాస్తారు. 2005లో కెర్నల్‌కి ఒక సెక్యూరిటీ టీమ్ ఏర్పడింది, లోపం దొరికితే రహస్యంగా చెప్పడానికి ఒక చిరునామా వచ్చింది. అదే టైమ్‌లో, ఇప్పటికే విడుదలైన వెర్షన్లకి మరమ్మతులు మాత్రమే చేర్చి ఇచ్చే “స్టేబుల్” వరస కూడా మొదలైంది.

కానీ లినస్ టోర్వాల్డ్స్‌కి ముందు నుంచీ ఒక గట్టి అభిప్రాయం ఉంది. సెక్యూరిటీ బగ్ అని ప్రత్యేకంగా పూజలు చేయక్కర్లేదు, బగ్ అంటే బగ్, దొరికితే సరిచేయాలి అంతే అని. కెర్నల్‌లో ఏ లోపం ఎప్పుడు ఆయుధమవుతుందో ముందే చెప్పలేం కాబట్టి అన్నీ వేసుకోండి అనేది ఆయన వాదన. సాంకేతికంగా అందులో నిజం ఉంది. కానీ అవతల సర్వర్లు చూసుకునేవాడి కష్టం వేరు. వారానికి వందల మార్పులు వస్తుంటే అందులో ఏది అర్జెంటో చెప్పేవాళ్లు కావాలి కదా? ఆ పని డెబియన్, రెడ్ హ్యాట్, ఉబుంటు లాంటి డిస్ట్రిబ్యూషన్లు చేశాయి. ఒక్కో ప్యాచ్‌ని చూసి, “ఇది ప్రమాదం, ఫలానా వెర్షన్‌కి మారండి, మారాక రీబూట్ చేయండి” అని నోటీసులు పంపడం వాళ్ల పని. బీటెక్‌లో ఉబుంటు వాడినవాళ్లకి తెలుసు, సర్వర్‌లోకి లాగిన్ అవగానే ఇన్ని అప్‌డేట్లు ఉన్నాయి, సిస్టమ్ రీస్టార్ట్ అవసరం అని వస్తుంది. ఆ రెండు లైన్లు ఇంతమంది చేతులు దాటి వచ్చినవి.

నేను వీడియోల్లోకి రాకముందు నాలుగేళ్లు ఒక కంపెనీలో సర్వర్లు చూసుకునే టీమ్‌లో చేశాను. కెర్నల్ నోటీసు వచ్చిందంటే మా దగ్గర ప్రతిసారీ ఒకటే సీను. సెక్యూరిటీ చూసే అన్న “ఈ రాత్రికే రీబూట్ చేయాలి” అంటాడు. బిజినెస్ వైపు మేడమ్ “ఒకటో తారీఖు, జీతాల రోజు, ముట్టుకోవద్దు” అంటారు. ఇద్దరిదీ తప్పు కాదు. మామూలు ప్రోగ్రామ్‌ని ఆపి కొత్తది పెట్టొచ్చు. కెర్నల్ మార్చాలంటే మెషీన్ మొత్తం ఒకసారి పడుకుని లేవాలి.

ఈ చిక్కుకి పరిష్కారం కూడా ఇలాంటి ఒక సంఘటన నుంచే పుట్టింది. ఎంఐటీలో జెఫ్ ఆర్నాల్డ్ అనే విద్యార్థి చూసుకునే సర్వర్‌కి సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చింది. రీబూట్ చేస్తే వాడేవాళ్లకి ఇబ్బంది అని వారాంతం దాకా ఆగారు. ఈలోపే దానిమీద దాడి జరిగింది. దాంతో అతను నడుస్తున్న కెర్నల్‌నే రీబూట్ లేకుండా సరిచేసే పద్ధతి మీద పరిశోధన చేశాడు. దాని పేరు కెస్‌ప్లైస్. 2011లో ఒరాకిల్ దాన్ని కొనుక్కుంది. 2015లో వచ్చిన లినక్స్ 4.0 నుంచి లైవ్ ప్యాచింగ్‌కి కావాల్సిన పునాది కెర్నల్‌లోనే ఉంది.

2015: ఫోన్‌కి తేదీ వచ్చింది

సర్వర్లకి నోటీసులు వస్తున్నాయి సరే. ఫోన్లకి? 2015 దాకా ఆండ్రాయిడ్‌లో నెలవారీ కబురు అనేదే లేదు. కొత్త వెర్షన్ వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు.

2015 జులైలో జాషువా డ్రేక్ అనే పరిశోధకుడు స్టేజ్‌ఫ్రైట్ లోపాల్ని బయటపెట్టాడు. ఒక ఎంఎంఎస్ పంపిస్తే చాలు, కొన్ని ఫోన్లలో మీరు తెరవకముందే పని జరిగిపోయే ప్రమాదం. ఆండ్రాయిడ్‌లో వీడియోలు ఆడించే భాగంలో ఉన్న లోపం అది, కెర్నల్‌ది కాదు. కానీ కోట్ల ఫోన్లకి వర్తించింది. వాటిని ఎలా సరిచేయాలో ఎవరి దగ్గరా దారి లేదు. ఆ భయంతో 2015 ఆగస్టు నుంచి గూగుల్ నెలకోసారి సెక్యూరిటీ బులెటిన్ ఇవ్వడం మొదలుపెట్టింది. శాంసంగ్ లాంటి కంపెనీలు కూడా నెలవారీ అప్‌డేట్లు ఇస్తామన్నాయి. అదే ఏడాది అక్టోబర్లో మార్ష్‌మల్లో వెర్షన్‌తో, మీరు ఇందాక చూసిన ఆ తేదీ సెట్టింగ్స్‌లోకి వచ్చింది.

ఇక 1, 5 సంగతి. 2016 జులై నుంచి ప్రతి నెల బులెటిన్‌ని రెండు ముక్కలు చేశారు. 1వ తేదీ ఉన్నది ఆండ్రాయిడ్ పైభాగానికి సంబంధించిన మరమ్మతులు, అన్ని ఫోన్లకీ ఉమ్మడివి. 5వ తేదీ ఉన్నదంటే వాటితో పాటు కెర్నల్, చిప్ కంపెనీల డ్రైవర్లకి సంబంధించినవి కూడా చేరాయని. అంటే మీ ఫోన్‌లో చివర 01 ఉంటే ఆ నెల కబురులో కెర్నల్ ముక్క మీకు ఇంకా రాలేదని అర్థం.

ఎందుకు విడగొట్టారు? కెర్నల్ మరమ్మతు మీ ఫోన్‌కి రావాలంటే చాలా చేతులు మారాలి. లినక్స్‌లో సరిచేయాలి, దాన్ని గూగుల్ తన ఆండ్రాయిడ్ కెర్నల్‌లోకి తీసుకోవాలి, క్వాల్‌కామ్, మీడియాటెక్ లాంటి చిప్ కంపెనీలు తమదాంట్లో కలపాలి, ఫోన్ కంపెనీ దాన్ని తన మోడల్‌కి సరిపెట్టి టెస్ట్ చేయాలి. ప్రతి చేతి దగ్గరా వారాలు పోతాయి. ముందు రెడీ అయినవి ముందు ఇచ్చేద్దామని రెండు తేదీలు పెట్టారు.

డర్టీ కౌ: తొమ్మిదేళ్ల లోపం, ఏడాది ఆలస్యం

2016 అక్టోబర్లో ఫిల్ ఓస్టర్ అనే ఇంజినీర్, దాడి జరిగిన ఒక సర్వర్‌కి వచ్చిన ట్రాఫిక్‌ని పరిశీలిస్తుంటే ఒక తెలియని ప్రోగ్రామ్ దొరికింది. అది వాడుకుంటున్నది లినక్స్ కెర్నల్‌లో 2007 నుంచి ఉన్న లోపం. తొమ్మిదేళ్లు! ఇంకా వింత ఏంటంటే, లినస్ టోర్వాల్డ్స్ దాన్ని అంతకు పదకొండేళ్ల ముందే ఒకసారి సరిచేయడానికి ప్రయత్నించారు. వేరే రకం మెషీన్ల మీద సమస్య వచ్చి ఆ మార్పుని వెనక్కి తీసేశారు. ఆ సంగతి ఆయనే 2016 ప్యాచ్‌తో పాటు రాశారు.

దీని పేరు డర్టీ కౌ. కౌ అంటే ఆవు కాదు, “కాపీ ఆన్ రైట్” అనే మాటల మొదటి అక్షరాలు. ఎమ్మార్వో ఆఫీసులో ఒరిజినల్ రికార్డు చూడనిస్తారు కానీ రాయనివ్వరు అనుకోండి. రాయాలంటే జిరాక్స్ ఇస్తారు, దానిమీద రాసుకోవాలి. కెర్నల్ కూడా అంతే. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైల్ మీద రాయబోతే దానికో కాపీ ఇస్తుంది. లోపం ఎక్కడంటే, ఒకడు రాస్తూ ఉంటే ఇంకొకడు అదే క్షణంలో “ఆ జిరాక్స్ పారెయ్” అని పదే పదే చెప్తుంటాడు. వేలసార్లు చేస్తే ఒక్కసారి గుమాస్తా తడబడతాడు. జిరాక్స్ పోయింది, పెన్ను మాత్రం ఆగలేదు, రాత ఒరిజినల్ మీద పడింది. సిస్టమ్ ఫైళ్ల మీద అలా రాయగలిగితే తాళాల గుత్తి దొరికినట్టే.

లినక్స్ డిస్ట్రిబ్యూషన్లు ఒకట్రెండు రోజుల్లోనే సర్వర్లకి నోటీసులు పంపేశాయి. ఆండ్రాయిడ్ బులెటిన్‌లో నవంబర్లో దీనికోసం 2016-11-06 అని ప్రత్యేకంగా మూడో తేదీ పెట్టారు. డిసెంబర్ 5 లెవల్ నుంచి ఇది అందరికీ తప్పనిసరి అయ్యింది. అంటే రెండు నెలల్లోపు మందు తయారై బల్లమీద ఉంది.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. 2017 సెప్టెంబర్‌లో ట్రెండ్ మైక్రో సంస్థ జెడ్‌ఎన్‌ఐయూ అనే మాల్‌వేర్ గురించి బయటపెట్టింది. ఇదే డర్టీ కౌ లోపంతో ఫోన్లలో దూరుతోంది. దాన్ని మోస్తున్న యాప్‌లు 1,200కి పైగా దొరికాయి. బాధితులు 40కి పైగా దేశాల్లో ఉన్నారు, వాళ్లలో ఎక్కువమంది చైనాలో, మన ఇండియాలో. మందు వచ్చిన దాదాపు ఏడాదికి! లోపం కనిపెట్టినవాళ్లు ఆలస్యం చేయలేదు, సరిచేసినవాళ్లూ చేయలేదు. ఆ కబురు ఆ ఫోన్ల దాకా రాలేదు. ఆ ఫోన్లు వాడేవాళ్లకి, రాలేదు అన్న సంగతి కూడా తెలీదు. రాని నోటిఫికేషన్‌కి శబ్దం ఉండదు కదా.

తేదీని కూడా నమ్మొచ్చా?

2018 ఏప్రిల్లో జర్మనీకి చెందిన ఎస్ఆర్ ల్యాబ్స్ పరిశోధకులు 1,200 ఫోన్ల సాఫ్ట్‌వేర్‌ని విప్పి చూశారు. తేదీ ఫలానా నెల అని చూపిస్తున్న ఫోన్లలో నిజంగా ఆ నెల ప్యాచ్‌లన్నీ ఉన్నాయా అని. కొన్ని కంపెనీల ఫోన్లలో కొన్ని ప్యాచ్‌లు లేవు. తేదీ మాత్రం ముందుకి జరిగింది. కొన్నిచోట్ల అది హడావుడిలో జరిగి ఉండొచ్చు, కానీ వాడేవాడికి తేడా లేదు. మందు సీసా మీద తేదీ ఉంది, లోపల మందు లేదు.

ఇదే కాలంలో వ్యవస్థ కూడా మెరుగైంది, ఒప్పుకోవాలి. ఆండ్రాయిడ్ 7 నుంచి, ఆ సౌకర్యం పెట్టిన ఫోన్లలో, అప్‌డేట్ వెనకాల రెండో భాగంలో నిశ్శబ్దంగా పడుతుంది, మనం ఒక్క రీస్టార్ట్ చేస్తే చాలు. ఆండ్రాయిడ్ 10 నుంచి కొన్ని భాగాలు ఫోన్ కంపెనీతో పనిలేకుండా గూగుల్ ప్లే ద్వారా వస్తున్నాయి. సెట్టింగ్స్‌లో “గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్” అని ఇంకో తేదీ కనపడేది అందుకే. కానీ జాగ్రత్త, కెర్నల్ మరమ్మతు ఆ దారిలో రాదు. ఆ తేదీ కొత్తగా ఉంది కదా అని సెక్యూరిటీ అప్‌డేట్ తేదీని మర్చిపోవద్దు.

2022: ఒక పాడైన ఫైల్ నుంచి

కబురు ఎలా నడవాలో చూపించిన మంచి ఉదాహరణ కూడా ఒకటి చెప్తాను. జర్మనీలో మాక్స్ కెలర్‌మన్ అనే ఇంజినీర్ ఉన్నారు. 2021లో ఒక కస్టమర్ ఫిర్యాదు చేశాడు, మీరు ఇచ్చిన లాగ్ ఫైల్ తెరుచుకోవట్లేదు అని. ఆయన సరిచేసి పంపారు. కొన్నాళ్లకి ఇంకోటి, తర్వాత ఇంకోటి. ప్రతిసారీ ఫైల్ చివర ఎనిమిది బైట్లు మాత్రమే పాడవుతున్నాయి, అవి కూడా ఎప్పుడూ అవే ఎనిమిది. మనలో చాలామంది డిస్క్ పాడైందేమోలే అని వదిలేస్తారు. ఆయన వదల్లేదు. నెలల తర్వాత తేలింది, తప్పు ఆయన ప్రోగ్రామ్‌లో లేదు, లినక్స్ కెర్నల్‌లో ఉంది. 5.8 వెర్షన్ నుంచి, చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైళ్ల మీద ఎవరైనా రాయగలిగే దారి తెరుచుకుని ఉంది. దానికి డర్టీ పైప్ అని పేరు పెట్టారు.

ఇక్కడ తేదీలు వినండి. 2022 ఫిబ్రవరి 20న కెర్నల్ సెక్యూరిటీ టీమ్‌కి చెప్పారు. 21న పిక్సెల్ 6 ఫోన్‌లో కూడా అదే లోపం ఉందని ఆండ్రాయిడ్ టీమ్‌కి చెప్పారు. 23న సరిచేసిన కెర్నల్ వెర్షన్లు విడుదలయ్యాయి. 24న గూగుల్ దాన్ని ఆండ్రాయిడ్ కెర్నల్‌లో కలిపింది. 28న డిస్ట్రిబ్యూషన్ల రహస్య గుంపుకి కబురు. ఆ గుంపులో ఏ రహస్యాన్నైనా పద్నాలుగు రోజులకి మించి దాచకూడదని నియమం. మార్చి 7న లోకానికంతా చెప్పేశారు. మొత్తం పదిహేను రోజులు. చెవిలో చెప్పడం, మైకులో చెప్పడం, రెండూ వరసగా, లెక్కగా జరిగాయి.

ఇందులో ఒక తమాషా ఉంది. ఈ లోపం కొత్త కెర్నల్ ఉన్న కొత్త ఫోన్లకే వచ్చింది. పాత 4.19, 5.4 కెర్నల్ ఉన్న ఫోన్లు తప్పించుకున్నాయి. “చూశావా అన్నా, పాతదే సేఫ్” అని కామెంట్ పెట్టబోతున్నారేమో, ఆగండి. పాత ఇంట్లో కొత్త రకం చెదలు పట్టలేదంటే గోడ గట్టిదని కాదు. ఆ పాత కెర్నల్‌లో దొరికిన మిగతా లోపాలకి మరమ్మతు ఆగిపోతే అవన్నీ అలాగే ఉంటాయి, వాటి వివరాలు అందరి ముందూ పరిచి ఉంటాయి.

ఇంకో మలుపు 2024 ఫిబ్రవరిలో వచ్చింది. కెర్నల్ వాళ్లే తమ లోపాలకి తామే సీవీఈ నంబర్లు ఇచ్చుకునే అధికారం తీసుకున్నారు. ఏ బగ్ అయినా ప్రమాదం కావొచ్చు అనే పాత అభిప్రాయమే ఇక్కడా. దాంతో నంబర్లు వేల సంఖ్యలో రావడం మొదలైంది. ఒకప్పుడు కబురు అందడం లేదని గోల, ఇప్పుడు కబుర్లు ఎక్కువై ఏది చూడాలో తెలియని గోల.

చివరి మైలు మన ఇంట్లోనే ఉంది

ఇంతసేపూ చెప్పిన గొలుసులో చివరి చెయ్యి ఒకటి మిగిలింది. మన ఇళ్లలో ఫోన్ ఎలా తిరుగుతుందో ఆలోచించండి. కొత్తది మనం కొనుక్కుంటాం. మన పాతది నాన్నకి ఇస్తాం. నాన్నది అమ్మకి వెళ్తుంది. అమ్మ వాడినది ఊళ్లో నానమ్మకో, తమ్ముడి ఆన్‌లైన్ క్లాసులకో వెళ్తుంది. బట్టలకైతే ఇది మంచి అలవాటే. ఫోన్‌కి మాత్రం దీని అర్థం ఏంటంటే, అప్‌డేట్ ఆగిపోయిన ఫోన్ ఎప్పుడూ ఇంట్లో ఆ కబురు చదవడం రానివాళ్ల చేతిలోనే ఉంటుంది. అదే ఫోన్‌లో ఇప్పుడు యూపీఐ ఉంది, పెన్షన్ మెసేజ్ వస్తుంది, గ్యాస్ బుకింగ్ ఓటీపీ వస్తుంది. డర్టీ కౌ కాలం కంటే ఇప్పుడు ఆ ఫోన్‌లో పోవడానికి ఉన్నది చాలా ఎక్కువ.

దీనికి కొత్తది కొనండి అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు ఇష్టం లేదు. అందరి దగ్గరా ఆ డబ్బు ఉండదు. పదివేలు పెట్టి కొన్న ఫోన్‌కి రెండు మూడేళ్లకే మరమ్మతు ఆపేయడం కొన్నవాళ్ల తప్పు కాదు. కంపెనీలు తలుచుకుంటే చేయగలవని కూడా తేలింది. 2023లో పిక్సెల్ 8కి, 2024లో గెలాక్సీ ఎస్24కి ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామన్నారు. అవన్నీ ఖరీదైన ఫోన్లు. అదే మాట చవక ఫోన్‌కి కూడా రావాలంటే కొనేముందు మనం అడగాలి. షాపులో కెమెరా ఎన్ని మెగాపిక్సెల్ అని అడిగినట్టే, సెక్యూరిటీ అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా అని కూడా అడగండి. బాక్స్ మీద లేకపోతే కంపెనీ సైట్‌లో చూడండి.

ఇప్పటికే చేతిలో ఉన్న ఫోన్లకి మనం చేయగలిగినవి మూడున్నాయి. ఒకటి, అప్‌డేట్ నోటిఫికేషన్ వస్తే రాత్రి ఛార్జింగ్ పెట్టేటప్పుడు నొక్కేయండి. “రేపు గుర్తుచేయి” అని నెలలు నెట్టొద్దు. డౌన్‌లోడ్ అయ్యాక రీస్టార్ట్ చేస్తేనే కొత్త కెర్నల్ నడుస్తుంది, అది మర్చిపోవద్దు. రెండు, అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్‌లో బయట నుంచి వచ్చే ఏపీకే ఫైళ్లు అస్సలు వేయొద్దు. పెళ్లి కార్డు అని వాట్సాప్‌లో వచ్చినా, బ్యాంక్ కేవైసీ అని వచ్చినా సరే. డర్టీ కౌ, డర్టీ పైప్ లాంటి లోపాలకి ముందు ఫోన్ లోపల ఒక చెడ్డ ప్రోగ్రామ్ అడుగుపెట్టాలి. ఆ మొదటి అడుగు మనం ఆపగలం. మూడు, ఇంట్లో ఫోన్లు మార్చుకునేటప్పుడు క్రమం కొంచెం మార్చండి. బ్యాంక్ పనులు నడిచే ఫోన్ అప్‌డేట్లు వచ్చేదై ఉండాలి. పాతది పాటలకి, భక్తి టీవీకి, పిల్లల వీడియోలకి ఉంచుకోండి.

1988లో ఆండీ సడత్ పెట్టిన మెసేజ్ నెట్‌వర్క్ కుంటుపడి ఆలస్యమైంది. ఇవాళ నెట్‌వర్క్ బాగానే ఉంది, చిప్ కంపెనీ దగ్గర ఆగుతుంది, ఫోన్ కంపెనీ దగ్గర ఆగుతుంది, కొన్నిసార్లు మన బొటనవేలు దగ్గర ఆగుతుంది. మొదటి రెండింటి మీద మనకి ఉన్నది కొనేవాళ్ల ఒత్తిడి మాత్రమే. మూడోది పూర్తిగా మనదే.

ఈ ఆదివారం ఇంట్లో అందరి ఫోన్లూ తీసుకుని ఒక్కొక్కటి చూడండి. ఏ ఫోన్‌లో తేదీ అన్నిటికంటే పాతదో, ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉందో కామెంట్లలో రాయండి. మోడల్ పేరు, తేదీ చాలు, ఇంకే వివరాలూ వద్దు. వచ్చే ఎపిసోడ్‌లో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ కథ చెప్పుకుందాం. అక్కడ లోపం సాఫ్ట్‌వేర్‌లో కాదు, చిప్‌లోనే ఉంది.